ద్వాలి ఉతికిన చొక్కాలు

ఆగస్టు 17

తండాలో తీజ్ మొదలైంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడతారు. పాటలు వినబడాలని ద్వాలి మంచం గుమ్మం దగ్గరికి జరపమంది. జరిపాను. ఒక చరణం తనూ అందుకుంది. రెండో చరణానికి ఊపిరి చాలలేదు. ఆగి, నా వైపు చూసి నవ్వింది. గొడ్లకు నీళ్లు పెట్టాలని చెప్పి లేచి వచ్చేశాను. గొడ్లకు పొద్దున్నే పెట్టాను.

మా పెళ్లికి ముందు తీజ్ పాటల్లో ఆమె గొంతే పైకి వినబడేది. పక్క తండా నుంచి మేం నలుగురం నడిచి వచ్చేవాళ్లం. పాట వినడానికే అని మా నాయనకు చెప్పేవాణ్ణి.

ఈ ఆయాసానికి అంత భయపడాల్సింది లేదు. నలభై ఏళ్లు కట్టెల పొయ్యి మీద వండింది. పొగ పట్టి ఉంటుంది.

ఆగస్టు 26

బుట్టలు వాగులో కలిపారు. ద్వాలి వాగు దాకా నడవలేకపోయింది.

పొగే.

ఆగస్టు 30

శ్రావణి బడికి సెలవు పెట్టి ఖమ్మం తీసుకెళ్లింది. మా అమ్మాయి టేకులపల్లిలో టీచరు. క్లాసులో పిల్లల్ని నడిపించినట్టే మమ్మల్నిద్దర్నీ దవాఖానాలో ముందు పెట్టుకుని నడిపించింది.

ద్వాలి వీపులోంచి సూదితో నీళ్లు తీశారు. ఒక సీసా నిండా వచ్చింది. ఇంట్లో పొగ ఉంటుందా అని డాక్టరు అడిగాడు. "కట్టెల పొయ్యి సార్, చిన్నప్పట్నుంచి" అన్నాను.

శ్రావణి అందుకుంది. "మా బాపు ఇరవై ఆరేండ్లు సిమెంటు రేకుల ఫ్యాక్టరీల చేసిండు సార్. ఆస్‌బెస్టాస్ సంచులు కోసే సెక్షన్."

"అది నేను చేసింది. మీ యాడి ఎన్నడన్న గేటు లోపలికి వచ్చిందా?" అని ద్వాలిని చూపిస్తూ అన్నాను.

డాక్టరు ఒక నిమిషం మా ముగ్గురినీ చూశాడు. తర్వాత కాగితం మీద పొయ్యి పొగ అని రాశాడు. లోపలి ముక్క తీసి చేసే పరీక్షకు హైదరాబాద్ వెళ్లమన్నాడు.

బస్సులో శ్రావణి నాతో మాట్లాడలేదు. ద్వాలి మాత్రం కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా ఏ చేలో ఏముందో చెబుతూనే ఉంది. పత్తి, పత్తి, మిర్చి, మళ్లీ పత్తి.

సెప్టెంబరు 12

హైదరాబాద్. ఊపిరితిత్తుల చుట్టూ ఒక పొర ఉంటుందట. దానికి వచ్చిన క్యాన్సర్. లేడీ డాక్టరు, మా శ్రావణి కంటే చిన్నది. కుర్చీ దగ్గరికి లాక్కుని, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఇది పొగతో వచ్చేది కాదు, ఆస్‌బెస్టాస్ దుమ్ముతో వస్తుంది, లోపలికి పోయిన ముప్పై నలభై ఏళ్లకు బయటపడుతుంది అంది.

"ఆ దుమ్ములో ఎవరు పనిచేశారు?"

"నేను" అన్నాను.

"మీ బట్టలు ఎవరు ఉతికేవారు?"

ద్వాలి చెప్పింది. కాస్త గర్వంగానే చెప్పింది.

"నేనే డాక్టరమ్మా. బయట ఎవ్వరికీ ఇయ్యలే."

నాకూ ఛాతీ ఫోటో తీశారు. నా ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయి, ప్రస్తుతానికి పెద్ద భయం లేదన్నారు. ఇరవై ఆరేళ్లు దుమ్ములో నిలబడ్డవాడికి భయం లేదట.

సెప్టెంబరు 13

ఏమీ రాయబుద్ధి కావడం లేదు.

సెప్టెంబరు 21

ఇవాళ పొద్దున్నుంచి వాన. చేనికి పోలేదు. ఆ రోజులే గుర్తొస్తున్నాయి, రాసుకుంటాను.

ఎనభై నాలుగులో పెళ్లి. అప్పటికి నేను ఫ్యాక్టరీలో చేరి ఏడాది. ఫ్యాక్టరీ వెనక లైను గదుల్లో మాదొకటి, గోడ పక్కన వీరన్న వాళ్లది. వీరన్న నాతో పాటే సంచులు కోసేవాడు. అతని భార్య జంపక్క పినపాక వైపు కోయ పిల్ల. ద్వాలి, జంపక్క మొదటి నెలంతా ఒకరి మాట ఒకరికి సరిగా అర్థం కాక నవ్వుకుంటూ గడిపారు. అద్దాల లంగా, చేతుల నిండా తెల్ల గాజులతో వచ్చిన ద్వాలి, జంపక్క దగ్గర చీర కట్టడం నేర్చుకుంది. గదుల వెనక ఒకే బండ. దాని మీదే ఇద్దరూ బట్టలు ఉతికేవాళ్లు.

సంచి కోయగానే లోపల మెత్తటి నార. మేం దాన్ని దూది అనేవాళ్లం. చేతులతో తీసి మిల్లులో వేసేవాళ్లం. కిటికీలోంచి ఎండ పడితే గాలి అంతా మెరిసేది. ఆ మెరుపు చూడడం నాకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, ఇష్టంగానే ఉండేది.

డ్యూటీ దిగి ఇంటికి వస్తే ద్వాలి గుమ్మంలో నిలబడి ఉండేది. నా నెత్తి, కనుబొమ్మలు, మీసాలు అన్నీ తెల్లగా ఉండేవి. "వచ్చిండు ముసలాయన" అనేది. నాకప్పుడు పాతికేళ్లు. అక్కడే నిలబెట్టి చొక్కా విప్పించేది. తన కొంగుతో నా తల దులిపేది. చెవుల వెనక, మెడ మీద ఊదేది. ఊదినప్పుడు నాకు చక్కిలిగింత పుట్టేది. జంపక్క గోడ అవతల నుంచి దగ్గేది, మేం ఉన్నామని గుర్తు చేయడానికి. చొక్కా గోడకేసి కొడితే దుమ్ము లేచి ఆమె జుట్టు మీద పడేది. అప్పుడు నేను ఆమెది దులిపేవాణ్ణి.

స్టోరు ఆఫీసరు వెంకటరామారావు గారు దూది తీసేసిన ఖాళీ గోనెసంచులు ఇచ్చేవారు. మంచి సంచులు, ఎక్కడా చిరుగు ఉండేది కాదు. ద్వాలి వాటిని కలిపి బొంత కుట్టి, అంచుకు ఎర్ర దారం వేసి, నాలుగు మూలలా అద్దాలు కుట్టేది. శ్రావణి పుట్టాక దాన్ని పడుకోబెట్టింది ఆ బొంత మీదే.

ఆదివారాలు వైరా చెరువు కట్ట మీదికి పోయేవాళ్లం. వీరన్న చేపలు కొనేవాడు, జంపక్క వండేది, ద్వాలి పాడేది.

ఆ పాతికేళ్లంత మంచి రోజులు నాకు మళ్లీ లేవు. ఇది మాత్రం నిజం.

అక్టోబరు 5

వీరన్న వచ్చాడు. ఆటో దిగి మా గుమ్మం దాకా ఇరవై అడుగులు, మూడుసార్లు ఆగాడు. ఒకప్పుడు యూనియన్ సెక్రటరీ. గేటు ముందు మైకు లేకుండా మాట్లాడితే రోడ్డు అవతలికి వినబడేది.

జబ్బు పడ్డ కార్మికులకు పరిహారం గురించి కొత్త నిబంధనల ముసాయిదా వచ్చిందట. అందులో రెండు మాటలున్నాయి. ఒకటి, ఉద్యోగం మానేసిన మూడేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. రెండు, హాజరు పట్టీలో పేరున్న వాళ్లకే హక్కు.

"మన ఫ్యాక్టరీ మూతబడి పదహారేండ్లాయె" అన్నాడు వీరన్న. "ఈ రోగమేమో ముప్పై ఏండ్లకు గాని బయటికి రాదు. అంటే మనకు రోగం వచ్చేనాటికి గడువు ఉండది. ఇగ మన ఆడోళ్ల ముచ్చటే లేదు."

ముసాయిదా చట్టం కాకముందే శాసనసభ కమిటీ ఒకటి జిల్లాల్లో తిరిగి అభ్యంతరాలు వింటోంది. నవంబరు ఇరవై ఎనిమిదిన ఖమ్మం కలెక్టరేట్‌లో. మా ఫ్యాక్టరీ వాళ్లు పదకొండు మంది మిగిలాం. అందరం పోవాలంటాడు.

"దుమ్ము ఇంటికి ఎట్ల వచ్చిందో నువ్వు చెప్పాలె బలరామన్నా. ద్వాలక్క కాగితాలున్నయ్. ఇంతకంటె రుజువేంది?"

నాకు నలుగురిలో మాట్లాడడం రాదన్నాను. నిజమే కదా, రాదు.

అతను పోతూ ఒక మాట చెప్పాడు. జంపక్కకు రెండు నెలల నుంచి పొడి దగ్గట.

అక్టోబరు 9

శ్రావణి ఫోన్ చేసింది. కమిటీ ముందు మాట్లాడతావా లేదా అని అడిగింది. పత్తి తీత ఉంది అన్నాను. నవంబరు చివరికి మొదటి తీత అయిపోతుంది కదా బాపూ అంది. మాస్టరమ్మకు వ్యవసాయం కూడా తెలుసు.

అక్టోబరు 16

వీరన్న బలవంతాన వైరా పోయాం, వెంకటరామారావు గారింటికి. ఎనభైకి దగ్గర పడ్డారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి వైరా కాలువ కింద పొలాలు కొన్న కుటుంబం. ఆయన మాత్రం ఉద్యోగం చేశారు. నన్ను చూసి గుర్తుపట్టారు.

"బలరాం కదూ. రా, ఇలా కూర్చో. మీ ఆవిడ బీరకాయలు పంపేది మా ఇంటికి."

వీరన్న విషయం చెప్పాడు. సంచులు కార్మికులకు ఇచ్చేవారని, ఫ్యాక్టరీలో స్నానాలకు, బట్టలు మార్చుకోవడానికి జాగా లేదని ఆయన రాసిస్తే కమిటీ నమ్ముతుంది. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"సంచులు నేనే ఇచ్చానయ్యా. పాడైపోతాయని, మీకు పనికొస్తాయని ఇచ్చాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను."

"మేము గూడ గట్లనే అనుకున్నం సార్" అన్నాడు వీరన్న.

"అంత దూరం వచ్చి మాట్లాడలేను. తెలిసిందంతా రాసిస్తాను. సగం రాయమంటే మాత్రం నావల్ల కాదు."

టీ తాగే లోపు రెండు పేజీలు రాసి సంతకం పెట్టి ఇచ్చారు. జిరాక్సులు తీయించి ఇస్తానని నేనే తీసుకున్నాను. వీరన్న కళ్లకు శుక్లాలు. చదవలేదు.

అక్టోబరు 17

చదివాను.

అక్టోబరు 27

వీరన్న ఫోన్. జిరాక్సు మిషన్ చెడిపోయిందని చెప్పాను.

నవంబరు 2

వీరన్న ఫోన్. కరెంటు లేదని చెప్పాను.

ద్వాలికి మళ్లీ నీళ్లు తీయించాం. ఈసారి నొప్పికి నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి. నొప్పి తగ్గాక ఆ గుర్తులు చూసి, "అయ్యో" అని రుద్దింది.

నవంబరు 8

ఇక రాసేస్తాను. ఈ పుస్తకంలో కూడా రాయకపోతే ఇంకెక్కడా ఉండదు.

ఆయన కాగితం రెండో పేజీలో ఇలా ఉంది. పంతొమ్మిది వందల తొంభై ఏడులో బయటి నుంచి డాక్టర్లు వచ్చి మా సెక్షన్‌ను పరీక్షించారు. దుమ్ము బట్టలు ఇంటికి తీసుకుపోకూడదని చెప్పారు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టారు. మూడు రోజుల తర్వాత పైవాళ్ల ఆర్డరుతో తీసేశారు. ఆ షిఫ్టులో ఉన్నవాళ్లకు మాత్రం నోటితో చెప్పారు.

ఆ షిఫ్టులో నేనున్నాను. వీరన్న అప్పుడు యూనియన్ పని మీద హైదరాబాద్‌లో ఉన్నాడు. ఒక డాక్టరు నా భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. "నీ పెళ్లాం, పిల్లలు పీలుస్తారు. ఇక్కడే విప్పేసి వెళ్లు" అన్నాడు.

విప్పడానికి జాగా లేదు. వేరే జత లేదు. పంపు లేదు. ఇవన్నీ నిజాలే, ఎన్నిసార్లైనా నాకు నేను చెప్పుకోగలను. కానీ ఆ రోజు సాయంత్రం నేను ఇంటికి వచ్చినప్పుడు ద్వాలి గుమ్మంలో నిలబడి ఉంది. "వచ్చిండు ముసలాయన" అంది. చెప్పాలనే వచ్చాను. చెబితే ఉద్యోగం మానేయమంటుంది. శ్రావణి అప్పుడు మూడో తరగతి, ఇంగ్లీషు మీడియం. అది ఒక కారణం.

ఇంకొకటి ఉంది. చెబితే ఆ గుమ్మం దగ్గర నిలబడడం, తల దులపడం, చెవుల వెనక ఊదడం ఉండవు. ఒక్క రోజు ఆగి చెబుదాం అనుకున్నాను. నోటీసు తీసేశారు. పెద్ద ప్రమాదమైతే తీసేస్తారా అనుకున్నాను. ఫ్యాక్టరీ మూతబడే దాకా, పన్నెండేళ్లు, ఆ ఒక్క రోజు ఆగాను.

పొయ్యి పొగ అని ఆగస్టు నుంచి ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో చూసుకున్నాను.

నవంబరు 9

చెప్పాను. మధ్యాహ్నం, అంబలి తాగాక. కాగితం చూపించి చదివి వినిపించాను. తర్వాత కాగితంలో లేనిది కూడా చెప్పాను.

ఆమె అటు తిరిగి పడుకుంది.

నవంబరు 10

మాట్లాడలేదు.

నవంబరు 11

మేకపిల్లతో మాట్లాడింది. నాతో లేదు. మందు నా చేతి నుంచి తీసుకోలేదు. గ్లాసు కింద పెడితే తర్వాత తీసుకుంది.

నవంబరు 12

ఇవాళా అంతే. నలభై ఒక్క ఏళ్లలో ఇన్ని రోజులు ఎప్పుడూ లేదు. ఒకసారి, శ్రావణి పుట్టకముందు, వైరా కట్ట మీద ఆమె పాడుతుంటే నేను వీరన్నతో పేకాటలో పడి వినలేదని అలిగింది. అది ఒక పూట. ఆ పూట కూడా చొక్కా ఉతికే పెట్టింది.

నవంబరు 13

పొద్దున రాగి జావ తెచ్చి ఇచ్చాను. చేతికి తీసుకుంది. మా తండా మాటకు లిపి లేదు, ఆమె అన్నది తెలుగులోనే రాస్తాను.

"ఆ డాక్టర్లు వచ్చింది ఏ సంవత్సరం?"

"తొంభై ఏడు."

"నేను కాపురానికి వచ్చింది ఎనభై నాలుగు. అంటే పదమూడేండ్లు ఎవ్వరూ చెప్పలే. ఆ తర్వాత పన్నెండేండ్లు నువ్వు చెప్పలే."

"అవ్."

"మొదటి పదమూడేండ్లకు ఎవరిని అడగాలె?"

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఖమ్మానికి వస్తున్నరంట గదా పెద్దోళ్లు. ఆళ్లను నేను అడుగుత. నిన్ను అడిగేది ఇంట్ల అడుగుత."

జావ సగం తాగి గ్లాసు నాకిచ్చింది. "ఉప్పెక్కువైంది" అంది.

నవంబరు 17

ముందు వీరన్న ఇంటికి పోయి కాగితం ఇచ్చాను. జంపక్క చదివి వినిపించింది. రెండో పేజీ దగ్గర ఆమె గొంతు తగ్గింది. వీరన్న "నాకు గూడ చెప్పలే గదన్నా" అని మాత్రం అన్నాడు. జంపక్క టీ ఇవ్వకుండా లోపలికి పోయింది. ఇవ్వాల్సిన పని లేదు.

అక్కణ్నుంచి ఖమ్మం డాక్టరు దగ్గరికి పోయాను. పొయ్యి పొగ అని నేను చెప్పింది అబద్ధం సార్ అన్నాను. ఆయన హైదరాబాద్ కాగితాలు చూసి, పాత చీటీ కింద కొత్తగా రాసి, తారీకు వేసి సంతకం పెట్టాడు. "చాలామంది ఇలా వెనక్కి రారు" అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో తెలియలేదు.

నవంబరు 28

కలెక్టరేట్ హాలు. శ్రావణి ఆక్సిజన్ సిలిండరు ఉన్న కారు కిరాయికి మాట్లాడింది. ద్వాలి పెట్టెలోంచి పాత అద్దాల లంగా, రవిక తీయించి కట్టుకుంది. ఇప్పుడవి చాలా వదులు. జంపక్క హాలు బయట మెట్ల మీద కూర్చుని ఉంది. ద్వాలిని చూడగానే లేచి వచ్చి ఆమె పక్కనే నడిచింది. నావైపు చూడలేదు.

కమిటీలో ఐదుగురు ఎమ్మెల్యేలు. అధ్యక్షురాలు మధ్యలో. ఒక పక్క మేం, ఇంకో పక్క రేకుల తయారీదారుల సంఘం తరఫున వకీలు జయప్రకాశ్ గారు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి ఫలానా దుమ్ము వల్ల జబ్బు వచ్చిందంటే ఎలా తేల్చాలి, గడువు లేకపోతే ఏ పరిశ్రమా నిలబడదు, ఇళ్లలో పొగ ఉంటుంది, బీడీలు ఉంటాయి అన్నాడు.

వీరన్న లేచాడు. నాలుగు మాటలకొకసారి ఆగుతూ చెప్పాడు. "గడువు ఉద్యోగం మానేసిన దినం నుంచి గాదమ్మా. రోగం ఉన్నదని డాక్టరు చెప్పిన దినం నుంచి లెక్కబెట్టుండ్రి. రోగం మాకు చెప్పి రాదు గదా." అంతకు మించి ఊపిరి లేదు. కూర్చున్నాడు.

తర్వాత నేను. సంచుల గురించి, బొంత గురించి, గుమ్మం గురించి చెప్పాను. చెవుల వెనక ఊదేది అని కూడా చెప్పాను. నాకు ఎంతో ఇష్టమైన సంగతులు ఇలా మైకులో, రాసుకునేవాళ్ల ముందు చెప్పాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

జయప్రకాశ్ గారు వెంకటరామారావు గారి కాగితం పైకెత్తాడు.

"తొంభై ఏడులో మీకు చెప్పారని ఇందులో ఉంది. మీరు ఆ షిఫ్టులోనే ఉన్నారు కదా?"

"అవ్ సార్."

"తెలిసి కూడా బట్టలు ఇంటికి తీసుకెళ్లారు. మరి తప్పెవరిది?"

"నా వంతు నాదే సార్. ఇంట్ల చెప్పకపోవుడు నా తప్పు. ఆమెకు చెప్పుకున్న, మీకు గూడ చెప్తున్న. కాని ఆ కాగితం మూడు దినాలకే ఎవరు పీకినరు? ఇక్కడనే ఇడవాలె అన్నరు, మరి వేరే జత ఎందుకియ్యలే? నీళ్ల పంపు ఎందుకు పెట్టలే? వద్దన్న చొక్కాతోనే రోజూ గేటు దాటించినరు గద. నా తప్పు పన్నెండేండ్లది. ఆ ముందు పదమూడేండ్లది మీ కాగితాలల్ల ఎవరి పేరు మీద ఉందో చూడుండ్రి."

ఇంత మాట్లాడగలనని నాకే తెలియదు. ఆ పదమూడేళ్ల మాట ద్వాలిది.

అధ్యక్షురాలు అడిగింది. "మీ భార్య ఫ్యాక్టరీ ఉద్యోగి కాదు కదా. ఆమెను ఈ చట్టంలోకి ఎలా తీసుకురావాలి?"

ద్వాలి ముక్కు దగ్గరి గొట్టం పక్కకు జరిపింది. శ్రావణి మైకు ఆమె ముందు పెట్టింది.

"అమ్మా, నా పేరు మీ పుస్తకంల లేదంటున్నరు. ఈయన ఒకటే చొక్కా ఒకటే ప్యాంటు. నేను మాపటికి ఉతికి ఆరేస్తెనే తెల్లారి డ్యూటీకి పోయేది. నేను ఉతక్కపోతే మిల్లు దగ్గర ఎవరు నిలబడేటోళ్లు? ఇరవై అయిదేండ్లు ఉతికిన. పండుగనాడు గూడ. ఆ నీళ్లు బీరపాదుకు పోసిన. ఆ బీరకాయలు ఆఫీసర్ల ఇండ్లకు పంపిన. ఎవ్వరూ ఇది పని గాదని అప్పుడు అనలే."

ఆగింది. శ్రావణి గొట్టం సర్దబోతే చేత్తో వారించింది.

"నాకు ఇంకెన్ని నెలలో హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. నేను నా ఒక్కదాని కోసం రాలే. ఈమె జంపక్క. ఒకటే బండ మీద ఇద్దరం ఉతికినం. ఈమెకు ఇప్పుడు దగ్గు మొదలైంది. ఈమెకు రోగమని తేలేనాటికి మీ తలుపు మూసి ఉండొద్దు. గంతే."

అధ్యక్షురాలు చాలాసేపు రాసుకుంది. జయప్రకాశ్ గారు బయటికి వచ్చాక కారు దాకా వచ్చి ద్వాలికి నమస్కారం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది.

కారులో ద్వాలి నా భుజం మీద తల పెట్టి పడుకుంది. అలసిపోయి పెట్టిందేమో. ఏదైనా సరే, తండా దాకా నేను కదల్లేదు.

డిసెంబరు 14

చలి. ద్వాలికి నడక పూర్తిగా తగ్గింది. ఇంట్లో అడిగేది అడుగుతానంది కదా, అడుగుతోంది. రోజుకొకటి.

ఇవాళ అడిగింది: "శ్రావణిని బొంత మీద పడుకోబెట్టినప్పుడు నీకు తెలుసా?"

"లేదు. అది ఎనభై ఎనిమిది. తెల్వదు."

"తొంభై ఏడు తర్వాత బొంత ఏం చేసినవ్?"

"నువ్వు లేనప్పుడు కాల్చేసిన. ఎలుకలు కొట్టినయని చెప్పిన."

"నాలుగు అద్దాలుండె దానికి" అంది.

శ్రావణికి ఏటా ఫోటో తీయించాలని హైదరాబాద్ డాక్టరమ్మ చెప్పింది. ఈ ఏడు తీయించాం. శుభ్రంగా ఉంది. ఆ కాగితం రోజూ ఒకసారి తీసి చూస్తాను.

డిసెంబరు 30

భద్రాచలంలో ముక్కోటి. అక్కడి మైకు పాటలు ఎవరి ఫోన్‌లోంచో వినిపిస్తున్నాయి. పెళ్లయిన రెండో ఏడు అక్కడికి పోయాం. గోదావరిని మొదటిసారి చూసి ద్వాలి, "ఇంత నీళ్లుంటే ఎన్ని బట్టలైనా ఉతకొచ్చు" అంది. అప్పుడు నేను ఎంత నవ్వానో. ఇవాళ గుర్తు చేశాను. ఆమే నవ్వింది. నేను నవ్వలేకపోయాను. "నవ్వు, ఏం కాదు" అంది.

జనవరి 22

వీరన్న ఫోన్. కమిటీ నివేదిక సభలో పెట్టారట. గడువు జబ్బు నిర్ధారణ అయిన రోజు నుంచి లెక్కించాలన్నది ఒప్పుకున్నారు. ఉద్యోగం మానేసిన మూడేళ్లలోపు అన్న మాట తీసేశారు. ఇంట్లోవాళ్ల సంగతి మాత్రం, దరఖాస్తులు తీసుకుంటారు, ఒక్కొక్కటి విచారించి నిర్ణయిస్తారు.

"ఇస్తరని గాదు. తీసుకుంటరు, గంతే" అన్నాడు వీరన్న. "అయినా మొన్నటిదాంక అది గూడ లేకుండె."

ఫోన్ జంపక్క తీసుకుంది. ద్వాలితో మాట్లాడాలంది. ద్వాలి చెవి దగ్గర పెట్టాను. ఇద్దరూ ఎక్కువ మాట్లాడలేదు. ఒకరి ఆయాసం ఒకరు వింటూ ఉన్నారు.

ఫిబ్రవరి 15

అడవి అంచున మోదుగులు పూశాయి. మంచం మీద నుంచి కనబడేలా కిటికీ తలుపు తీసి ఉంచాను. ద్వాలికి ఇప్పుడు పగలంతా ఆక్సిజన్.

శ్రావణి లేబరు ఆఫీసు నుంచి దరఖాస్తు ఫారం తెచ్చింది. మంచం మీదే కూర్చుని పేరు, వయసు, తండా, మండలం అన్నీ నింపింది. ఒక చోట పెన్సిల్‌తో రాసి ఆగింది.

"అక్కడ ఏం రాసినవ్?" అని అడిగింది ద్వాలి.

"ఏం పని చేసినవని అడుగుతున్నరు యాడీ. గృహిణి అని పెట్టిన. అంటె ఇల్లు చూసుకునే ఆమె."

"గట్ల రాస్తే వాపస్ పంపుతరు. తుడువు."

శ్రావణి తుడిచింది. "మరేం రాయాలె?"

ద్వాలి కళ్లు మూసుకుంది. ఒక్కో మాటకు ఒక ఊపిరి తీసుకుంటూ చెప్పింది. "రేకుల ఫ్యాక్టరీ బట్టలు ఉతికే పని. ఇరవై అయిదేండ్లు."

"ఫ్యాక్టరీల ఉతకలే గదా యాడీ, ఇంట్ల గదా."

"జాగా అడిగితే ఇల్లు అని రాయి. పని మాత్రం ఫ్యాక్టరీదే."

శ్రావణి నా వైపు చూసింది. ద్వాలి కూడా కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. "మీ బాపుకియ్యి. ఆయన రాయాలె" అంది.

పెన్ను తీసుకున్నాను. గడి చాలా చిన్నది, ఒక్క మాట పట్టేంత. ఆమె చెప్పిన మాటలే చెప్పిన వరుసలో రాశాను. అక్షరాలు గడి దాటి పక్క గడిలోకి పోయాయి.

కొత్త ఫారం తెస్తానంది శ్రావణి.

"వద్దు" అంది ద్వాలి. "గట్లనే ఉండనీ."